గరుసు మిట్టని పనికిరాని నేల అనొద్దండి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో మా పలమనేరు వైపు మిట్టల గురించి ఒక వార్త వేసినారు. పక్కన ఫోటో, ఎర్రగా రాళ్ళు తేలిన వాలు, మధ్యలో రెండు తంగేడు చెట్లు, యాడో దూరంగా ఒక మేక. ఫోటో కింద "ఎందుకూ పనికిరాని రాళ్ళ నేల" అని రాసినారు. వార్తలో ఏమో ఆ నేలని చదును చేసి ఏదో ఒక పనికి వాడుకోవాలని ఎవరో చెప్పినట్టుండాది. నేను దాన్ని రెండుసార్లు చదివి పేపరు మడిచి పక్కన పెట్టినా, మళ్ళీ తీసి చదివినా, మా ఆవిడైతే పొద్దున్నే పేపరు మీద కోపమేంది కాఫీ చల్లారిపోతా ఉండాది అనింది. కోపం కాదండీ, ఆ "ఎందుకూ" అనే మాట నా గొంతులో ఇరుక్కునింది. ఎందుకూ అంటే దేనికీ అని కదా అర్థం. ఆ రాళ్ళ మీద మా నాయన 60 గొర్రెలు మేపి మా అయిదుగురినీ పెంచినాడు మరి.

నేను ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైనా, ఇప్పుడు 22 జీవాలు పెట్టుకుని పొద్దున్నే మిట్టకి తోలుకుపోతా ఉంటా. సాయిల్ సైన్స్ చదివినోణ్ణి కాదు. మా చెల్లెలి కూతురు తిరుపతిలో అగ్రికల్చర్ బీఎస్సీ చదువుతా ఉండాది, అది దసరా సెలవులకి వచ్చినప్పుడు ఇద్దరం కలిసి మిట్ట మీద ఒక గుంత తవ్వి చూసినాం, అది చెప్పింది కొంత, నాకు చిన్నప్పటి నుంచి కాళ్ళకి తెలిసింది కొంత, రెండూ కలిపి ఈ జాబు రాస్తా ఉండా. కొంచెం పొడుగైతాది, కత్తిరించుకుంటే కత్తిరించుకోండి, లెక్కలు మాత్రం ఉంచండి.

ముందు ఆ నేల ఏందో చెప్తా. చిత్తూరు నుంచి మొగిలి ఘాటు ఎక్కి పైకి వస్తే ఇదంతా పీఠభూమి, పలమనేరు సముద్ర మట్టానికి సుమారు 680 మీటర్ల ఎత్తులో ఉండాది. కింద పరుపు బండ, గ్రానైటు జాతి నైస్ రాయి, దాని వయసు 250 కోట్ల ఏళ్ళ పైమాటే. ఆ బండ ఎండకి వానకి చిట్లి కుళ్ళి మట్టయింది. బండలో ఉండేవన్నీ ఒకే మాదిరి కుళ్ళవు, అదే మర్మం. ఫెల్డ్‌స్పార్ అనేది మెత్తబడి బంకమన్ను అయిపోతాది, నల్లగా ఉండే ఖనిజాల్లోని ఇనుము తుప్పు పట్టి మట్టికి ఎరుపు ఇస్తాది, పలుగురాయి ఉంది చూడండి, అది మాత్రం దేనికీ లొంగదు. తెల్లగా పెళుసుగా అట్లే మిగిలిపోతాది. చిన్నప్పుడు రాత్రిపూట రెండు పలుగురాళ్ళు రుద్ది నిప్పురవ్వలు చూసేవాళ్ళం, వాసన కూడా వచ్చేది. వాలు మీద వానకి సన్న మన్ను జారి కయ్యల్లోకి, అంటే పల్లపు పొలాల్లోకి, చెరువులోకి పోతే, మోయలేని రాయి పైన నిలబడి పోతాది. అందుకే మిట్ట మీద గరుసు, అంటే గులకరాళ్ళు కలిసిన గరగర మన్ను, పల్లంలో బంక. మీ ఫోటోలో తేలిన రాళ్ళు ఎవరో తెచ్చి పోసినవి కాదు, ఆ నేలలో మిగిలిన ఎముకలు.

తిరుపతి వాళ్ళ కథ వేరే, వాళ్ళ కొండ పాదం దగ్గర గులకంతా క్వార్ట్‌జైటు రాయిది, అంటే ఇసుకరాయి గట్టిపడి అయిన రాయి. తిరుమల ఘాటు రోడ్డులో మన నైస్ బండ మీద ఆ క్వార్ట్‌జైటు కూర్చున్న గీత కనిపిస్తాది, రెంటికీ నడుమ కోట్ల ఏళ్ళ ఖాళీ, దాన్ని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా కూడా ప్రకటించినారు. బస్సులో వందసార్లు పోయినా టికెట్లు కొట్టే పనిలో నేను ఒక్కసారీ చూళ్ళేదు. సరే, అది పక్కన పెడదాం.

గుంత సంగతికి వస్తా. ఊరి మేత పోరంబోకులో, ఎప్పుడూ నాగలి పడని చోటు చూసుకున్నాం. గడ్డపార వేస్తే మొదట టంగుమని చెయ్యి అదిరింది, పాప నవ్వింది, మామా పైన రాళ్ళు చేత్తో ఏరి పక్కన పెట్టి తర్వాత తవ్వు అని. ఏరినాం. పైన ఒక వరస గులక, గోళీ అంత నుంచి నిమ్మకాయంత దాకా. దాన్ని ఎత్తితే కింద మన్ను తడిగా ఉండాది. నాలుగు రోజులుగా వాన లేదు, పక్కన రాళ్ళు లేని చోట పగుళ్ళు పట్టింది, రాయి కింద మాత్రం వేలు పెడితే చల్లగా ఉండాది, ఒక రాయి కింద తేలు కూడా ఉండాది, దాన్ని దాని మానాన వదిలేసినాం. ఆ కింద ఒక జానెడు లోతు వరకు గోధుమ ఎరుపు మన్ను, చేత్తో నలిపితే గరగర, కసువు, అంటే గడ్డి, దాని వేర్లు జడ అల్లినట్టు అల్లుకుని ఉండాయి. ఆ కింద ఎరుపు ముదిరింది, కొంచెం జిగట కూడా, పై నుంచి దిగిన బంక ఆడ చేరతాదంట, రాళ్ళు మాత్రం అట్లే. అడుగున్నర దాటినాక చేత్తో నలిపితే చిట్లే కుళ్ళు బండ వచ్చింది, పార అరిగిపోవాల్సిందే. అంటే మొత్తం మన్ను మందం అడుగున్నర, సుమారు 45 సెంటీమీటర్లు. అంతే మా మిట్ట ఆస్తి.

పాప ఇంకో పని చేసింది, అది నాకు భలే నచ్చింది. పైన చిన్న గుంత తీసి ఆ మన్నంతా ప్లాస్టిక్ సంచిలో ఎత్తి, ఖాళీ గుంతలో పాల కవరు మాదిరి పల్చని కవరు పరిచి నీళ్ళు కొలిచి పోసింది, అయిదున్నర లీటర్లు పట్టింది. మన్ను ఆరబెట్టి తూకం వేస్తే 10 కిలోలు. 2 మిల్లీమీటర్ల జల్లెడలో పోస్తే పైన 4 కిలోల రాళ్ళు నిలిచినాయి, కిందకి 6 కిలోల మన్ను దిగింది. అంటే నూటికి 40 వంతులు రాళ్ళే కదా అన్నాను నేను. కాదు మామా, బరువు కాదు ఎంత చోటు ఆక్రమించినాయో చూడాల అని నిండు బకెట్లో ఆ రాళ్ళు వేసింది, ఒలికిన నీళ్ళు పట్టి కొలిస్తే లీటరున్నర. అయిదున్నరలో ఒకటిన్నర, అంటే 27 వంతులు రాయి. అమెరికా వాళ్ళ లెక్కలో నేల ఘనపరిమాణంలో 15 నుంచి 35 వంతుల దాకా గులక ఉంటే దాన్ని గ్రావెల్లీ అంటారంట, 35 దాటితే వెరీ గ్రావెల్లీ, 60 దాటితే ఇంకా ముదురు. 2 మిల్లీమీటర్ల నుంచి 75 మిల్లీమీటర్ల దాకా ఉండేదే గులక, అంతకంటే లావైతే వేరే పేరు. ఆ దేశంలో మేత భూముల్ని ఇట్లా మన్ను బట్టి, ఎత్తు బట్టి, వాన బట్టి విడదీసి, గులక మిట్ట అయితే ఏ గడ్డి వస్తాది, ఎంత మేపొచ్చు, ఎక్కువ మేపితే ఏమైపోతాది అని ఒక్కోదానికి జాతకం రాసి పెట్టుకున్నారంట. మన దగ్గర జాతకం మనుషులకే.

ఇంక నీళ్ళ లెక్క. ఇసుక పాలు ఎక్కువుండే ఎర్ర మన్ను రాళ్ళు లేకుండా ఉంటే మీటరు లోతుకి మొక్క తాగగలిగే నీళ్ళు సుమారు 100 నుంచి 120 మిల్లీమీటర్లు పట్టుకుంటాది. మాకుండేది 45 సెంటీమీటర్లే, అంటే 50 మిల్లీమీటర్లు. దాంట్లో 27 వంతులు రాయి, రాయి నీళ్ళు తాగదు, తీసేస్తే మిగిలేది 36. ఎండ బాగా కాసే రోజు నేల నుంచి, ఆకు నుంచి కలిపి 5, 6 మిల్లీమీటర్లు ఆవిరైపోతాది. వారం రోజులకి జేబు ఖాళీ. చెరువు కింద బంక కయ్యకి ఇదే లెక్క వేస్తే నెల దాకా నడుస్తాది. అందుకే మిట్ట మీద చెనిక్కాయ వేసినోళ్ళు ఊడ దిగే టైముకి ఇరవై రోజులు వాన రాకపోతే నెత్తిన చెయ్యి పెట్టుకుంటారు. ఇది చూసే మీ వార్తలో పనికిరాదు అన్నారేమో. పైరుకి పనికిరాదు, ఒప్పుకుంటా.

అయితే అదే రాయి చేసే ఇంకో పని వినండి. మాకు 10 మిల్లీమీటర్ల చిన్న జల్లు పడిందనుకోండి, రాళ్ళు లేని మన్నులో అది మూడున్నర అంగుళాలు దిగి ఆగిపోతాది, రెండు రోజుల ఎండకి పోతాది. రాయి ఉన్న చోట ఆ నీళ్ళు రాళ్ళ నడుమ ఉండే తక్కువ మన్నులోనే సర్దుకోవాల కాబట్టి దాదాపు అయిదు అంగుళాలు దిగుతాది, ఎండకి అందని లోతుకి చేరతాది, కసువు వేరు అక్కడే కాచుకుని ఉంటాది. మా వైపు చిన్న జల్లులే ఎక్కువ, పెద్ద వాన కావాలంటే ఈశాన్య రుతుపవనం, తుఫాను రావాల. చిన్న జల్లుని లోతుకి దించే నేల, ఆ జల్లుకే పచ్చబడి మళ్ళీ ఎండిపోయి మళ్ళీ లేచే కసువు, రెంటికీ సంబంధం కుదిరింది. చెనిక్కాయ చచ్చిపోతాది, కసువు పడుకుంటాది. ఆ తేడా తెలీకపోతే మిట్ట అర్థం కాదు.

పైన తేలిన రాయి గురించి కూడా చెప్పాల, ఎందుకంటే మీ ఫోటోలో కనిపించేది అదే. వాన చినుకు ఉత్త మన్ను మీద పడితే మన్ను ఎగిరి సన్న రేణువులు రంధ్రాల్లో ఇరుక్కుని పైన పెచ్చు కడతాది, తర్వాత పడే నీళ్ళు దిగకుండా జారిపోతాది, జారేటప్పుడు మన్నునీ ఈడ్చుకుపోతాది. రాయి మీద పడితే చినుకు దెబ్బ రాయే తింటాది. రాయి విడిగా పైన కూర్చుని ఉంటే నీళ్ళు దాని అంచు నుంచి కిందకి దిగుతాది, ఎండకి మన్ను ఆరకుండా మూత కూడా వేస్తాది. అదే రాయి పెచ్చులో పాతుకుపోయి ఉంటే రివర్సు, సిమెంటు రోడ్డు మాదిరి నీళ్ళు జారిపోతాది. విడి రాయి మంచిది, పాతుకున్న రాయి చెడ్డది. కసువు, చెత్తా చెదారం, చెదపురుగులు, చీమలు బొరియలు పెట్టి మన్నుని గుల్ల చేస్తా ఉన్నంత కాలం రాయి విడిగా ఉంటాది. అదే పనిగా ఒకే చోట తొక్కిస్తే, కసువు వేరుతో సహా పోతే, పెచ్చు కట్టి రాయి పాతుకుపోతాది. చూడ్డానికి రెండూ ఎర్ర రాళ్ళ నేలే, ఫోటోలో తేడా తెలీదు, బూటు కొనతో రాయిని తోస్తే తెలుస్తాది, దొర్లిందా లేదా.

చెదపురుగు అంటే గుర్తొచ్చింది, అంత గరుసులో పుట్ట మన్ను మాత్రం చేత్తో తీస్తే వెన్నలా ఉంటాది, ఒక్క రాయి ఉండదు. కింద నుంచి సన్న మన్నునే నోటితో మోసుకొస్తాయి కదా. మా జేజి పొయ్యి అలకడానికి ఆ మన్నే తెచ్చేది.

ఇప్పుడు అసలు నాకు కడుపు మండే సంగతి. సాయిల్ హెల్త్ కార్డులని 2015లో కేంద్రం మొదలుపెట్టింది, మంచి పనే, నా దగ్గరా ఒకటి ఉండాది. 12 పరీక్షలు, నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, ఉదజని సూచిక, లవణాలు, సేంద్రియ కర్బనం. ఇన్ని ఉండాయి, రాయి ఎంత ఉందో లేదు, మన్ను ఎంత లోతు ఉందో లేదు. ఎందుకంటే ల్యాబులో మొట్టమొదట చేసే పనే మన్నుని 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి పైన మిగిలింది పారేయడం. నా 10 కిలోల్లో 4 కిలోలు ఆడే చెత్తబుట్టలోకి పోతాది, మిగిలిన 6 కిలోలకే జాతకం రాస్తారు. పైన ఆరంగుళాల మన్నే తీసుకుపోతారు కాబట్టి కింద బండ అడుగులో ఉందా పది అడుగుల్లో ఉందా కూడా తెలీదు. కార్డు చూసి ఎకరాకి ఇంత ఎరువు అంటారు, ఎకరాలో పావు వంతు రాయి అని ఎవరికి తెలుసు. నేను ఉద్యోగం చేసినప్పుడు బస్సులో ఎంతమంది ఎక్కినారో లెక్క లేకుండా ఒట్టి టికెట్టు డబ్బులే రాస్తే చెకింగు వాళ్ళు ఊరుకునేవాళ్ళా?

కార్డు కూడా మిట్ట మన్నుకి కర్బనం తక్కువ, నత్రజని తక్కువ, భాస్వరం తక్కువ అనే చెప్తాది, అది నిజమే, ఎర్ర గరుసు నేలంటేనే అంత. అయితే ఆ పేద నేల ఊరికి ఏం పెడతా ఉందో కార్డులో రాదు. పొద్దంతా మిట్ట మీద మేసిన గొర్రెలు రాత్రికి కయ్యలో మంద కడతాయి. పెంట, మూత్రం అంతా కయ్యకే. మా నాయన కాలంలో మంద కట్టినందుకు రైతులు వడ్లు, రాగులు ఇచ్చేవాళ్ళు, ఇప్పుడు డబ్బులు ఇస్తా ఉండారు. మిట్ట మీద రాళ్ళ సందున పుట్టిన కసువు గొర్రె కడుపులో పడి పల్లంలో టమోటాకి ఎరువైతా ఉండాది. ఎన్ని తరాలుగానో మిట్ట నుంచి పల్లానికి ఇట్లా మోస్తానే ఉండాం, మిట్టకి తిరిగి ఇచ్చింది ఏమీ లేదు. మనమే గుంజుకుని మనమే పేద నేల అంటా ఉండాం.

పుంగనూరు ఆవు గురించి ఇప్పుడు దేశమంతా మాట్లాడతా ఉండారు కదా, మూడు అడుగులు కూడా ఉండని ఆవు, పెద్దోళ్ళ ఇళ్ళల్లో కార్పెట్టు మీద తిరిగే ఫోటోలు వస్తా ఉండాయి. ఆ ఆవు పుట్టింది మా మిట్టల మీదనే. తక్కువ మేత, ఎండు కసువు, రాళ్ళ వాలు, ఆడ బతకాలంటే చిన్న ఒళ్ళు, గట్టి గిట్టలు ఉండాల. పలమనేరులో పశు పరిశోధన కేంద్రంలో ఆ జాతిని కాపాడతా ఉండారు, సంతోషం. ఆవుని కాపాడి దాని మేత బీడుని పనికిరాని నేల అంటే ఎట్లండీ.

కసువులు కూడా అందరికీ తెలియాల. బోద ఉండాది, దాంతోనే మా కొట్టాలు కప్పేవాళ్ళం, వాసన వస్తాది, లేతగా ఉన్నప్పుడే జీవాలు ముడతాయి. ఇంకోటి గింజకి సూది మాదిరి ముల్లు, వెనక పొడుగు తోక, కార్తీకంలో మిట్ట దిగి వస్తే పంచంతా గుచ్చుకుని ఉంటాది. ఆ తోకని నోటితో తడిపి చేతిలో పెట్టుకుంటే పురుగు మాదిరి మెలికలు తిరుగుతాది, పిల్లోళ్ళకి అదే ఆట. అది ఊరికే తిరగడం లేదు, వాన తడికి తిరిగి తిరిగి గింజని మన్నులోకి తోస్తాది, బర్మా పట్టి చెక్కకి తూటు పెట్టినట్టు. గట్టి నున్నటి నేలలో అది దిగదు, గులక సందు దొరికితే దిగుతాది. అంటే ఆ కసువుకి విత్తనం వేసే నాగలి ఆ రాళ్ళే. ఇవి కాక తంగేడు, రేగు, బలుసు, కలివి, సీతాఫలం. కలివి పండ్లు తిని నోరు జిగటైతే ఇంట్లో తిట్లు తిన్నోళ్ళు మీ ఆఫీసులో కూడా ఉంటారు, అడగండి.

నీళ్ళ సంగతి ఒక్క మాట. మిట్ట కింద మాకు ఒక కుంట ఉండాది. వాన పడిన రోజు మిట్ట మీద నుంచి వచ్చే నీళ్ళు దానికి కొంచెమే, వాన వెలిసి నాలుగు రోజులైనా మిట్ట పాదంలో ఊట కారతా ఉంటాది, అదే దాన్ని నిలబెట్టేది. గరుసులో దిగిన నీళ్ళు కుళ్ళు బండ పైన నెమ్మదిగా జరిగి కిందకి వస్తాది.

మూడేళ్ళ కింద ఆ మిట్ట ఇంకో చివర ఏదో పథకం కింద జేసీబీ పెట్టి మొక్కలకని వరసగా గుంతలు తీసినారు, ఎవరు ఏందని పేర్లు వద్దు. మంచి ఉద్దేశమే కావొచ్చు. నాలుగు అడుగుల గుంత తీస్తే అడుగున్నర మన్ను, మిగిలింది కుళ్ళు బండ పొడి. అంతా కలిపి పైన కుప్ప వేసినారు, కింద బండ పొడి పైకి వచ్చింది, పైన వేర్లున్న మన్ను అడుగుకి పోయింది. మొక్కలు రెండో ఎండాకాలం దాటలేదు. మొక్కలు పోతే పోయినాయి, గుంతకి గుంతకి నడుమ జేసీబీ తిరిగిన చోటంతా కసువు పోయి పెచ్చు కట్టింది, ఇప్పుడు ఆడ లంటానా, సర్కారు తుమ్మ లేస్తా ఉండాది, జీవాలు ఆ పక్కకి పోవు. ఇంకో పక్క టిప్పర్లు. గ్రావెలు కావాల, రోడ్డుకి, లేఅవుటుకి, ఇంటి పునాదికి, నా ఇంటి ముందు కూడా రెండు లోడ్లు పోయించుకున్నా, అబద్ధం చెప్పను. యాడో ఒకచోట తీయాల్సిందే. అయితే మేత పోరంబోకులో రాత్రికి రాత్రి ఎత్తుకుపోతే, ఆ అడుగున్నర మన్ను మళ్ళీ రావడానికి వేల ఏళ్ళు పడుతుంది. పోయినేడు తవ్విన గుంతలో మా మేకపిల్ల పడి కాలు విరిగింది, వెదురు దబ్బలు కట్టినాం, కుంటుకుంటా తిరగతా ఉండాది.

మా తప్పు లేదని అనడంలా. వేసవిలో కొత్త చిగురు వస్తాదని మిట్టకి నిప్పు పెట్టేది మావాళ్ళే. ఊరి దగ్గరి వాలుని తొక్కించి తొక్కించి పాడు చేసిందీ మావాళ్ళే, దూరం పోవడానికి బద్ధకం. పక్కన పట్టా ఉన్నోళ్ళు ఏటా రెండు సాళ్ళు జరిపి మిట్టలోకి దున్నుతా ఉండారు, మొదటి ఏడు చెనిక్కాయ బాగా వస్తాది, మూడో ఏటికి రాళ్ళు లేస్తాయి, వదిలేసి పోతారు. దున్నిన మిట్టకి కసువు అంత సులభంగా తిరిగి రాదు.

దేశం మొత్తానికి బంజరు భూముల అట్లాస్ అని ఒకటి వేస్తారు, శాటిలైటు ఫోటోలతో, హైదరాబాదులో ఎన్‌ఆర్‌ఎస్‌సీ, అంటే జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వాళ్ళు తయారుచేస్తారు. దాంట్లో పొదల భూమి అనేది కూడా బంజరు కిందకే వస్తాది. పై నుంచి చూస్తే చెట్టు లేదు, పైరు లేదు, కాబట్టి వేస్టు. మీ విలేకరి తప్పు కాదు, ఆ మాట తెల్లదొరల రెవెన్యూ లెక్కల నుంచి వస్తా ఉండాది, శిస్తు రానిదంతా వాళ్ళకి వేస్టే. 2011 జనవరిలో సుప్రీంకోర్టు పంజాబు కేసు ఒకదాంట్లో ఊరి ఉమ్మడి భూముల్లో ఆక్రమణలు తీసేయమని అన్ని రాష్ట్రాలకీ చెప్పింది, మేత బీళ్ళు కూడా ఆ ఉమ్మడి భూములే. 2026ని ఐక్యరాజ్యసమితి మేత భూములు, పశుపోషకుల అంతర్జాతీయ సంవత్సరంగా ప్రకటించింది. దాని గురించి మీ పేపర్లో ఒక మూల అయినా వచ్చిందేమో నేను చూళ్ళేదు.

నేను అడిగేది పెద్దది కాదు. ఏదైనా మిట్టని చదును చేయాలన్నా, గుంతలు తీయాలన్నా, గ్రావెలుకి ఇవ్వాలన్నా ముందు ఆడ మూడు చోట్ల గుంత తీసి మన్ను ఎంత లోతు ఉందో, రాయి ఎన్ని వంతులో, కసువు ఏ జాతిదో రాసి పంచాయతీ బోర్డు మీద అంటించమని ఆఫీసర్లని అడగండి. ఒక పూట పని. జల్లెడ, బకెట్టు, తక్కెడ చాలు, మా పాప చేసి చూపించింది. మట్టి పరీక్ష కార్డులో ఇంకో రెండు గీతలు, లోతు ఒకటి, రాయి ఒకటి, కలిపితే ఇంకా మంచిది.

ఇంకో చిన్న మనవి, మీ విలేకరిని ఒకసారి మా ఊరికి పంపండి. పలమనేరు బస్టాండులో దిగి ఫోన్ చేస్తే నేనే బండి మీద తీసుకుపోతా. జల్లెడ నా దగ్గర ఉండాది, సంగటి చెనిక్కాయ ఊరిబిండి ఇంట్లో పెడతాం. పొద్దున ఏడుకంతా రావాల, ఎండ ఎక్కితే జీవాలు నీడకి పోతాయి. చెప్పులు మాత్రం మందం అట్టవి వేసుకుని రమ్మనండి, పలుగురాళ్ళు గుచ్చుకుంటాయి.

ఇట్లు,
ఒక పాత చందాదారుడు,
పలమనేరు దగ్గర పల్లె, చిత్తూరు జిల్లా.